తేడా కొమ్మలు

మంగతాయారు చేతికి ఒక మొక్కనిచ్చి దాన్ని ముట్టుకోవద్దని చెప్పడమంటే, నానమ్మ ఒళ్లో మనవణ్ణి పడుకోబెట్టి తల నిమరొద్దని చెప్పడమే. ఆ సంగతి కడియపులంకలో అందరికీ తెలుసు. తల్లి పోయిన నాటినుంచీ ఆ చేతుల్లోనే పెరిగిన చెల్లెలు హైమవతికి ఇంకా బాగా తెలుసు. అయినా హైమవతి ఆ మాటే చెప్పింది.

"నీళ్లు పొయ్యి అక్కా, అంతే. తుంచకు, కత్తిరించకు, ఎరువు వెయ్యకు. నీ గదిలో కిటికీ పక్కన వేలాడదీసి వదిలెయ్యి."

"ఏం, ఇదేవన్నా గాజుబొమ్మా?" అంది మంగతాయారు, కుండీని అటూ ఇటూ తిప్పి చూస్తూ. "చారల తీగే గదే. గట్టుమీద పారేసినా బతికేది. చివుళ్లు తుంచకపోతే సన్నగా సాగిపోయి మొదలంతా బోసిగా అయిపోద్ది."

"అయిపోతే అయిపోనీ."

"అలా వదిలెయ్యడానికి నీకు మనసెలా వత్తుందే?"

హైమవతి నవ్వేసింది. పరిశోధనశాలకు సంబంధించిన మొక్క, అక్కడివాళ్లు నెలకోసారి వచ్చి ఫొటో తీసుకుంటారు, పాడవకుండా చూసుకుంటే చాలు అని చెప్పి స్కూటరెక్కి పనికి వెళ్లిపోయింది. అసలు సంగతి చెప్పలేదు. చెప్పకూడదన్నది నియమం.

చూడ్డానికి అది మామూలు చారల తీగే. ఆకు మీద రెండు వెండి చారలు, అడుగున వంకాయ రంగు, మట్టి తగిలిన కణుపల్లా వేరు పోసే మొండి జాతి. ఆ మొండితనం చూసే హైమవతి దాన్ని ఎంచుకుంది. రాజమహేంద్రవరంలోని పరిశోధనశాలలో ఆమె, పై అధికారి డాక్టర్ విశ్వపతి కొన్నేళ్లపాటు ఆ తీగకు ఒక కొత్త గుణం అంటించడానికి తంటాలు పడ్డారు. ఊపిరితిత్తుల్లో క్యాన్సర్ మొలకెత్తిన మనిషి వదిలే గాలిలో ఒక వాసన కలుస్తుంది. మనిషి ముక్కుకు అందనంత పల్చని వాసన. గడ్డ ఎక్స్‌రేలో కనపడడానికి చాలా ముందే అది మొదలవుతుంది. ఆ వాసన సోకితే ఏం చేయాలో వాళ్లిద్దరూ తీగకు నేర్పారు.

తీగ పాఠం నేర్చుకుందని తెలిసింది రెండు గాజుపెట్టెల్లో. ఒకదాంట్లోకి ఆసుపత్రినుంచి సంచుల్లో పట్టి తెచ్చిన రోగుల ఊపిరి వదిలారు. రెండోదాంట్లోకి హైమవతి రోజూ తనే గొట్టంతో ఊదేది. కొన్ని వారాలకు మొదటి పెట్టెలోని తీగ చివర విప్పుకున్న లేత ఆకులో వెండి చార లేదు. ఆ చోట గులాబీ రంగు పరుచుకుని ఉంది. పాత ఆకులన్నీ, రెండో పెట్టెలో తీగంతా ఎప్పటిలాగే ఉన్నాయి. రంగు మారింది కొత్తగా పుట్టిన చివుళ్లలోనే. విశ్వపతి గాజుకు ముక్కు ఆనించి చాలాసేపు చూశాడు.

"హైమవతిగారూ, ఇంత అందమైన దుర్వార్త నేనెప్పుడూ చూళ్లేదండి," అన్నాడు.

పెట్టెలో గెలిచింది ఇంట్లో గెలవాలి. ఏ ఊళ్లో ఇవ్వాలి కుండీలు? మా ఊళ్లోనే ఇద్దాం అంది హైమవతి. అక్కడ ఇంటింటికీ నర్సరీ, మొక్క చావడమంటూ ఉండదని గర్వంగా చెప్పింది. మరో మాట కూడా ఆమే అంది. పెంచేవాళ్లకు ఈ రంగు సంగతి తెలియనివ్వకూడదు. తెలిస్తే పొద్దున్న లేస్తూనే ఆకు మొహం చూసి హడలిపోతారు, పక్కింటి ఆకు సంగతి కూపీ లాగుతారు. నీళ్లు పోయడం తప్ప ఇంకేం చేయొద్దని చెబితే సరిపోతుంది. తీగ ఎర్రబడిన ఇల్లు కనిపించగానే మనమే వెళ్లి నెమ్మదిగా ఆసుపత్రికి పంపిద్దాం. విశ్వపతి తల ఊపాడు. ఊళ్లో నలభై ఇళ్ల పడగ్గదుల్లో నలభై కుండీలు వేలాడాయి. అందులో ఒకటి మంగతాయారు గదిలోది.

నెలలు గడిచాయి. ప్రతినెలా ఫొటోలు వచ్చేవి. ఒక్క ఇంట్లోనూ గులాబీ రంగు లేదు. మీ ఊరి గాలి మంచిదండీ అని విశ్వపతి వేళాకోళం చేసేవాడు. హైమవతి లోలోపల మురిసిపోయేది.

ఆ చలికాలం మంగతాయారుకు దగ్గు పట్టుకుంది. పొడి దగ్గు. కొబ్బరిపొట్టు జల్లెడ పట్టే చోట కూచున్నందువల్ల అని ఆమె అనుకుంది. నర్సరీలో పుట్టి పెరిగినవాళ్లకు ఆ దగ్గు కొత్తదేం కాదు. మిరియాల కషాయం తాగింది. తమలపాకు రసంలో తేనె కలుపుకుని నాకింది. తగ్గినట్టే తగ్గి మళ్లీ వచ్చేది.

"డాక్టరుకు చూపిద్దాం పద అక్కా."

"ఎందుకే, దగ్గుక్కూడా డాక్టరా? లారీ లోడింగుంది రేపు."

ఇంకొకరైతే ఆ మాట వినిపించుకోకుండా రెక్క పుచ్చుకుని లాక్కుపోయేవారేమో. హైమవతి అక్క గదిలోకి వెళ్లి కిటికీ పక్కన తీగను చూసింది. గుబురుగా, గుండ్రంగా, నిగనిగలాడుతూ ఉంది. చివుళ్లన్నీ వెండి చారలే. తనకు తెలిసిన రహస్యం తనకు ధైర్యం చెప్పింది. అక్కకేం లేదు, ఉంటే తీగ చెప్పేది. ఒకసారి కాదు, ఆ చలికాలమంతా అక్క దగ్గినప్పుడల్లా ఆమె ఆ కుండీవంక చూసి గుండె కుదుటపరచుకుంది. పక్కన దగ్గుతున్న మనిషిని వదిలి ఆకును నమ్మింది. చదువు ఒక్కోసారి మనిషికి ఇంత చేటు చేస్తుంది.

ఎండలు ముదిరాక ఒక ఆదివారం పక్కింటి వీరవేణి పనసపొట్టు కూర గిన్నె పట్టుకుని వచ్చింది. హైమవతి వంటింట్లో పోపు పెడుతోంది. వీరవేణి మండువాలో కూచుని మాటలు మొదలుపెట్టింది.

"మంగక్కా, నువ్విచ్చిన ఎర్రకొమ్మలు మా ఇంట్లో అస్సలు నిలబడట్లేదు. నాటిన నెలకల్లా కొత్తాకులు మామూలు చారల్లోకి వచ్చేత్తన్నాయి. మా తోడికోడలికిచ్చినవీ అంతేనంట. ఆ రంగు నీ గదిలోనే వత్తంది. ఏం పోత్తన్నావు దానికి?"

హైమవతి చేతిలో గరిటె ఆగిపోయింది. పోపు మాడుతున్నా స్టవ్ కట్టకుండానే మండువాలోకి వచ్చింది.

"ఎర్రకొమ్మలేంటి అక్కా?"

మంగతాయారు మొహం దొంగతనం చేసి దొరికిపోయిన పిల్ల మొహంలా అయిపోయింది. "ఏం లేదే. మధ్యమధ్యలో రంగు మారి తేడా కొమ్మ వత్తంది దానికి. ఒక్క తేడా కొమ్మ వదిలేత్తే జాతంతా చెడిపోద్ది గదా. కనపడగానే గిల్లేత్తన్నాను. పారెయ్యబుద్ధి కాలేదు, ముద్దుగా ఉన్నాయని ఇది అడిగితే ఇచ్చాను."

"ఎప్పట్నుంచి?"

"నువ్వు తెచ్చిన కొత్తల్నుంచీ వత్తన్నాయి. మీ ఫొటోలోళ్లు వచ్చే ముందు ఇంకోసారి చూసి శుభ్రం చేసి పెడతన్నాను. మొక్కని ముస్తాబు చెయ్యకుండా ఎవరి ముందైనా ఎలా పెడతావే? నువ్విచ్చిన మొక్క, నీ పేరు పోకూడదు గదా అని..."

హైమవతికి ఆ పైన వినిపించలేదు. గడప మీద కూలబడింది. వంటింట్లోంచి మాడువాసన ఇల్లంతా నిండిపోయింది. మంగతాయారు దగ్గుతూ లేచి వెళ్లి స్టవ్ కట్టేసింది.

మర్నాడు ఆసుపత్రికి తీసుకెళ్లింది. స్కానింగులు, సూదులు, తిరుగుళ్లు అయ్యాక ఆడ డాక్టరు హైమవతిని ఒక్కదాన్నే లోపలికి పిలిచింది. రెండో ఊపిరితిత్తికీ పాకిందని చెప్పింది. మందులు ఇద్దాం, బాధ లేకుండా చూద్దాం అంది. ఏడాది కిందట వచ్చి ఉంటే కోసి తీసేసేవాళ్లమని కూడా అంది. ఆమె మామూలుగా అందరితో అనే మాటే అది. హైమవతి గుండెలో అది మేకులా దిగబడి ఉండిపోయింది.

అక్కకు జబ్బు సంగతి చెప్పింది గాని తీగ సంగతి చెప్పలేదు. మంగతాయారు జబ్బును ఒప్పుకుంది. మందులు మింగింది. జుట్టు రాలుతుంటే తలకు కండువా చుట్టుకుంది. ఎవరైనా పలకరించడానికి వస్తే, నుదుటన రాసిందాన్ని ఎవరు తప్పిత్తారు అనేది. ఆ మాట అన్నాక ఆమె మొహంలో కాస్త నిమ్మళం కనపడేది. ఆ నిమ్మళాన్ని చెడగొట్టకూడదని హైమవతి గట్టిగా అనుకుంది. ఎర్రకొమ్మల మాట ఎత్తొద్దని వీరవేణిని కూడా బతిమాలింది. ఎందుకో చెప్పలేదు.

పరిశోధనశాలలో విశ్వపతి ఆ కబురు విని కళ్లజోడు తీసి చాలాసేపు తుడుచుకున్నాడు. మంచివాడే. కాని శాస్త్రవేత్త.

"మీ ఇంటిని లెక్కలోంచి తీసేద్దాం హైమవతిగారూ. నియమం తప్పిన ఇల్లు కదా. మిగతా ముప్పైతొమ్మిదీ సరిగ్గానే ఉన్నాయి."

"సరిగ్గా ఉన్నాయని ఎలా తెలుసు సార్?"

"ఫొటోలు చూస్తున్నాం కదా."

హైమవతి ఆ ఫొటోలను బల్లమీద పరిచింది. ఒక్కో ఫొటోలో కుండీ మొదలు వెతికి చూసింది. చివుళ్లు తుంచని చారల తీగ ఏడాది తిరిగేసరికి పొడుగ్గా సాగి, మొదలు బోసిపోయి వేలాడాలి. అక్క మొదటిరోజే చెప్పిన మాట. ఈ ఫొటోల్లో ఒక్క తీగా సాగలేదు. ప్రతి కుండీ పెళ్లిపందిట్లో పెట్టడానికి పెంచినట్టు గుబురుగా ఉంది.

"మా అక్క ఒక్కతే కాదు సార్. అందరూ తుంచుతున్నారు. ఊరంతా నర్సరీ వాళ్లే. ఆ ఊరే కావాలని పట్టుబట్టింది నేను."

ఆ వారమంతా ఆమె ఇల్లిల్లూ తిరిగింది. రంగు మాట ఎత్తకుండా, చివుళ్లు తుంచారా అని మాత్రం అడిగింది. అయ్యో, మీరు ముట్టుకోవద్దన్నారు గదండీ, వేలన్నా తగలనివ్వలేదండీ అన్నారు అందరూ. నియమం తప్పామని తెలిస్తే పెద్ద చదువు చదివిన తమ ఊరి ఆడపిల్ల చిన్నబుచ్చుకుంటుందని వాళ్ల మర్యాద. ఇకనుంచీ తుంచొద్దంటే, ఆయ్ అలాగేనండీ అని తలూపారు. ఆ తలూపుడుకు అర్థమేమిటో హైమవతికి తెలుసు.

ఇక దాచి లాభం లేదు. ఆ రంగు అర్థం చెప్పితీరాలి. కాని ఒక్క ఇంట్లో చెబితే గంటలో అది మంగతాయారు మంచం దగ్గరికి వచ్చేస్తుంది. ఎవరి నోటో విని తెలుసుకోవడం కంటే తన నోటితో చెప్పడం మేలు. అంతేకాదు, వాళ్లు ఎవరితోనైనా నిజం ఒప్పుకుంటారంటే అది మంగక్కతోనే. నాలుగు రోజులు ఆ మాట గొంతులో పెట్టుకుని తిరిగింది. చెప్పకపోతే ఆ ఇళ్లల్లో ఎవరో ఒకరు పోతారు. చెబితే అక్క మొహంలో మిగిలిన ఆ కాస్త నిమ్మళం పోతుంది. 

ఐదోరోజు మధ్యాహ్నం మంచం పక్కన కింద కూచుని చెప్పేసింది. తీగ ఏం పసిగడుతుందో, ఎందుకు ఎర్రబడుతుందో, అంతా.

మంగతాయారు వింటూ తన కుడిచేతి బొటనవేలు గోరువంక చూసుకుంటోంది. ఏళ్ల తరబడి చివుళ్లు గిల్లీ గిల్లీ ఆ గోరు కింద పసరుమరక నల్లగా దిగిపోయింది.

"అయితే అవన్నీ నాకోసం వచ్చినవా?"

హైమవతి తల ఊపింది.

"నాకు చెప్పుంటే తుంచేదాన్నా?"

"తుంచేదానివి కాదక్కా."

"మరెందుకు చెప్పలేదు?"

"చెప్పకూడదని రూలు."

"ఎవరు పెట్టారా రూలు?"

"నేనే."

మంగతాయారు గోడవైపు తిరిగి పడుకుంది. ఆమె భుజాలు కదులుతున్నాయి. ఏడుపో దగ్గో తెలియలేదు. హైమవతి చెయ్యి వేయబోయి, ఏ మొహం పెట్టుకుని వెయ్యను అనుకుని ఆగిపోయింది. కాసేపటికి మంగతాయారు అటు తిరిగే అడిగింది.

"మిగతా ఇళ్లోళ్లు కూడా తుంచుతున్నారా?"

"అందరూ. ఎవరూ ఒప్పుకోవట్లేదు."

"ఒప్పుకోరు. నేను మటుకు ఒప్పుకున్నానా, వీరవేణి నోరుజారి అంటేగాని." మంగతాయారు లేచి కూచుంది. "ఆటో పిలు. చీర మార్చుకుంటాను."

వద్దన్నా వినలేదు. మూడు రోజులు, ఓపిక ఉన్నంతసేపు, వీరవేణి ఒకపక్కా హైమవతి ఒకపక్కా పట్టుకోగా ఆమె ఇల్లిల్లూ ఎక్కి దిగింది. గుమ్మంలో కూలబడి ఊపిరి తీసుకుని, ఎవరిల్లైనా ఒకే మాటతో మొదలుపెట్టేది. నేను తుంచానే, నువ్వు కూడా తుంచావా? చాలామంది తుంచామని తలలు దించుకున్నారు. వాళ్లు తుంచింది మాత్రం వట్టి వెండి చారల చివుళ్లనే. అది విని హైమవతి ఒక్కో గుమ్మం దగ్గరా ఊపిరి పీల్చుకునేది.

మూడోరోజు చివర్లో కాలవ అవతల భవాని ఇల్లు. చిన్నపిల్ల, పెళ్లయి నాలుగేళ్లు. మొగుడు గంగరాజు మొక్కల లారీ నడుపుతాడు. వాళ్లు వెళ్లేసరికి అతను పీట వేసుక్కూచుని అన్నం తింటున్నాడు. దగ్గూ లేదు, నీరసమూ లేదు. ఆవకాయ కలుపుకుని ముద్దలు మింగుతున్నాడు.

"నేనేం తుంచలేదు పిన్నీ," అంది భవాని.

"నేనూ అదే అన్నాను పిల్లా." మంగతాయారు తలమీది కండువా తీసేసింది. వెంట్రుకలు లేని ఆ తల చూసి భవాని నోరు నొక్కుకుంది. "ఎర్రగా వచ్చిన కొమ్మల్ని తేడా కొమ్మలనుకుని ఏడాదంతా గిల్లి పారేశాను. నా జబ్బు మొదలైందని చెప్పడానికి వచ్చినయ్యంట అవి. నాకు తెలవదు. నీకు తెలుత్తంది గదా ఇప్పుడు. చెప్పు."

భవాని మొగుడివంక చూసింది. అతను ముద్ద నోట్లో పెట్టుకోకుండా పట్టుకుని ఉన్నాడు. ఆమె వంటింట్లోకి వెళ్లి కిటికీలోంచి ఒక స్టీలు గ్లాసు తెచ్చి మంగతాయారు ముందు పెట్టింది. నీళ్లల్లో నాలుగు లేత కొమ్మలు, గులాబీ రంగువి.

"నిన్ననే గిల్లాను పిన్నీ," అంటూ భోరుమంది.

ఇద్దరికీ పరీక్ష చేయించారు. భవానికి ఏమీ లేదు. గంగరాజు ఊపిరితిత్తిలో ఒక మూల బఠాణీగింజంత గడ్డ దొరికింది. కోసి తీసేశారు. ఇంకెక్కడికీ పాకలేదని చెప్పారు డాక్టర్లు. విశ్వపతి ఆసుపత్రి వరండాలోనే హైమవతి చేతులు పట్టుకుని ఊపాడు. ఆమె ఒక్క నవ్వు నవ్వి ఇంటికి వచ్చేసింది. మరునాటినుంచి పాత నియమం పోయింది. కుండీ ఇచ్చిన ప్రతి ఇంట్లోనూ అసలు సంగతి ముందే చెప్పడం మొదలైంది.

గంగరాజు లేచి తిరుగుతున్న రోజుల్లో మంగతాయారు మంచం దిగలేని స్థితికి వచ్చింది. ఒకనాటి సాయంత్రం మొగుడూ పెళ్లాలిద్దరూ వచ్చి ఆమె కాళ్లకు దణ్ణం పెట్టారు. భవాని వదల్లేక వదల్లేక ఏడుస్తూ వెళ్లింది. ఊళ్లోవాళ్లంతా ఇప్పుడు మంగక్కను దేవతను చేసి మాట్లాడుతున్నారు. భవాని, గంగరాజు వెళ్లాక హైమవతి దిండు సర్దుతుంటే మంగతాయారు పిలిచింది. ఊపిరి చాలక ఒక్కో మాటా ఆగి ఆగి వస్తోంది.

"నువ్వు చెప్పడం మంచిదే అయింది. ఆ పిల్ల పసుపుకుంకాలు నిలబడ్డాయి."

"నువ్వే నిలబెట్టావక్కా."

"అది కాదు. విను." మంగతాయారు కాసేపు ఆయాసం తీర్చుకుంది. "నువ్వు చెప్పకుండా ఉంటే, జబ్బొచ్చి పోతన్నాననుకునేదాన్ని. నుదుటన అలా రాసుందనుకునేదాన్ని. ఇప్పుడు నా చేత్తో నేనే గిల్లేసుకున్నాననుకుంటా పోతన్నాను. రెండూ ఒకటి కాదే."

హైమవతి మంచం పట్టె మీద తల ఆనించి, "నన్ను క్షమించక్కా," అంది, తనకే వినపడనంత చిన్నగా.

"క్షమించడానికేముంది. నేను పెంచిన పిల్లవి." చెల్లెలి తలమీద చెయ్యి వేసింది. ఎముకలే మిగిలిన చెయ్యి. "కోపం మటుకు ఉంది. అబద్ధం ఎందుకు చెప్పాలి, ఉంది. అది పోదు. నాతోపాటే వచ్చేత్తుంది. ఇంక లే. పొద్దుట్నుంచి ఏం తిన్లేదు నువ్వు. పోయి అన్నం తిను."

హైమవతి లేచి వంటింట్లోకి వెళ్లి కంచంలో అన్నం పెట్టుకుంది.  కంచం చప్పుడు కోసం పక్కగదిలో అక్క చెవి ఒగ్గి ఉంటుందని తెలుసు. అందుకని కళ్లనీళ్లు అన్నంలో పడుతున్నా, ఆఖరి మెతుకు దాకా కలుపుకుని తింది.